మింగేసిన అక్షరాలు

ప్రియమైన అక్కకి,

నేనిక్కడ బాగానే ఉన్నాను. నీ మోకాలి నొప్పి తగ్గిందా? బావగారు, పిల్లలు ఎలా ఉన్నారు? ఫోనులో చెబితే మధ్యలో నవ్వేస్తావని ఇదంతా రాస్తున్నాను.

విశాఖ వచ్చి నాలుగు నెలలైనా ఈ ఉక్కపోత అలవాటు కాలేదు. హాస్టల్ పప్పులో పులుపే ఉండదు. ఆసుపత్రిలో పని మాత్రం బాగుంది. వేళకి తింటున్నాను, దిగులు పడకు.

డెన్మార్క్‌లో నర్సు ఉద్యోగం కోసం సీతమ్మధారలో డేనిష్ నేర్చుకుంటున్నానని చెప్పాను కదా. నేర్పేది భీమిలికి చెందిన శామ్యూల్ మాస్టారు. వయసులో ఉండగా డేనిష్ ఓడల్లో ఎలక్ట్రీషియన్‌గా చేశారట. ఆ 'అట' దగ్గరే నాకు అనుమానం మొదలైంది.

ఆ భాషలో మూడు నాలుగు మాటలు అతికించి ఒకటిగా రాస్తారు. ఇళ్ళకి వెళ్ళి చూసే నర్సుకి వాడే మాట, అక్షరాలు చూసి చదివితే 'హ్జెమ్మెసిగెప్లెజెర్స్కె'. మాస్టారు దాన్ని బోర్డు మీద గీతలతో విడగొట్టి "యెమ్మ, స్యూఅ, ప్లైయస్క" అన్నారు. "బరువు మొదటి ముక్క మీదే ఎయ్యండి. మిగతాయి తేలిగ్గా జారిపోవాల" అన్నారు. మరి మొదటి హకారం ఏమైంది? నడుమ గకారం ఏమైంది? చదవడం రాని అక్షరాలను ఈయన మింగేస్తున్నారని నాకనిపించింది. నా గదిలో ఉంటూ నాతోపాటే నేర్చుకునే దువ్వాడ అమ్మాయి లక్ష్మితో అదే అన్నాను.

"నానూ అదే అనుకుంతన్నాను. ఆయనకి రాదే" అంది.

ఆ మాట క్లాసంతా పాకింది. ఆరుగురు మానేశారు. నేనూ మానేద్దామనుకున్నాను.

పోయిన వారం, ఓడలో కాలు విరిగిన ఒక డేనిష్ మెకానిక్ మా వార్డులో చేరాడు. కట్టు మార్చాక ఆ మాటని అక్షరం అక్షరం పలికాను. మంచినీళ్ళు కావాలా అంటున్నాననుకుని గ్లాసు కోసం చెయ్యి చాచాడు. అప్పుడు మాస్టారు చెప్పినట్టు మొదట బరువేసి, మిగతాది జార్చాను. "ఇళ్ళకెళ్ళే నర్సువా?" అని ఇంగ్లిషులో అడిగాడు. అయినా నాకు నమ్మకం కుదరలేదు. మర్యాదకి అర్థమైనట్టు నటిస్తున్నాడేమో. నా నోటుపుస్తకం ఇచ్చి మాటలన్నీ చదవమని అతన్ని అడిగి ఫోనులో రికార్డు చేసుకున్నాను.

మర్నాడు మాస్టారికి వినిపించి, నేను ఏమని ప్రచారం చేశానో కూడా చెప్పేశాను. ఆయన కోప్పడలేదు. మూడుసార్లు విన్నారు.

"ఇరవై ఏళ్ళయిపోనాదమ్మా ఆ యాస యిని. మరిసిపోనానేటోనని నాకే అనుమానం. అందుకే ఆళ్ళెల్లిపోతే ఆపలేకపోనాను" అన్నారు. నా నోటుపుస్తకంలో ఒక మాట మీద వేలు పెట్టి, "ఇదొకటి మాత్రం నాను తప్పు సెప్పేను" అన్నారు.

అది పనిలో జరిగే ప్రమాదానికి వాడే మాట: 'ఆర్బైడ్స్', 'ఉలుక్క'. నడుమ సకారం ముందు ముక్కది. మాస్టారు దాన్ని వెనక ముక్కకి అంటించి 'సులుక్క' అని నేర్పారు.

మానేసినవాళ్ళని నేనే పిలిచాను. లక్ష్మితో కలిపి నలుగురు వచ్చారు. పుకారు నాదేనని అందరి ముందూ ఒప్పుకున్నాను. మాస్టారు ఆ ప్రమాదం మాటని బోర్డు మీద రాసి, మునుపటిలాగే గీతతో విడగొట్టారు. ఆ గీత చెరిపి, ఒక్క అక్షరం అవతల మళ్ళీ గీసి, "ఇన్నాళ్ళూ తప్పు సెప్పేను, దిద్దుకోండి" అన్నారు. తర్వాత నన్నే చదవమన్నారు. సిగ్గుపడుతూ చదివేసరికి బరువు కాస్తా రెండో ముక్క మీద పడింది.

"మళ్ళీ సదువమ్మా" అన్నారు.

మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పు. వచ్చే నెలలో పరీక్ష. నువ్వూ బావగారూ నన్ను మనసులో దీవించండి.

నీ చెల్లెలు,
విమల