ఒంటి ముడి

చెల్లికి,

అక్క ఆశీస్సులు. ఒంటి వరకైతే ఇక్కడ అందరం క్షేమం. నువ్వూ, మరిదిగారూ కూడా అలాగే ఉండాలని రోజూ మనసులో అనుకునేదాన్నే, ఇవాళ కాగితం మీద అనుకుంటున్నాను.

నీ ఉత్తరం అందిన మర్నాటి ఉదయం గురించి ముందు రాస్తాను. వానలు వెనకబట్టాక మొదటిసారి వసారాలోకి ఎండ వచ్చింది. వడగట్టినట్టు పలచటి ఎండ. మీ బావ అద్దాన్ని కిటికీకి ఆనించి, చెంపల మీద సబ్బు నురగ ఆరిపోతున్నా పట్టించుకోకుండా పేపరు చదువుతున్నారు. అమ్మ ముక్కాలి పీట మీద కూర్చుని, బీరువా అడుగు అరలోని మూటలన్నీ ముందేసుకుంది. ఒక్కొక్కటే విప్పడం, దులపడం, పిట్టగోడ మీద పరచడం. పక్కింటి పిల్లి వచ్చి దుప్పటి మీద ముడుచుకుంటే, "నీకూ చెమ్మ పట్టిందా?" అని దాన్ని కాసేపు ఉండనిచ్చింది. నేను లోపల ప్రార్థనలో ఉన్నాను. "పెద్దదానా, ఒకసారి ఇటు రావే, ఇది నా వల్ల కావట్లేదు" అంది. "వస్తున్నానమ్మా" అన్నాను. లేవలేదు. ప్రార్థన ముగించుకుని వెళ్ళేసరికి మూటలన్నీ కట్టేసి ఉన్నాయి. అమ్మ వేళ్ళు ఒళ్ళో పెట్టుకుని నొక్కుకుంటోంది. "అయిపోయిందిలే" అంది. అంతే. గుర్తుపెట్టుకోవాల్సినంత ఉదయం కాదు.

నువ్వు అడిగినవాటికి జవాబులు. అమ్మ మోకాలు పరవాలేదు, వేళ్ళ కణుపులే పట్టేస్తున్నాయి. మీ బావకి దగ్గు తగ్గింది, దాని గురించి చెప్పడం తగ్గలేదు. చెరువుకి బాతులు వచ్చాయా అన్నావు. వచ్చాయి. పాప గౌను మూట ఎండలో పెట్టారా అన్నావు. దానికి జవాబు చివర రాస్తాను. నువ్వు ఉత్తరం తోక నుంచి చదివే రకం. ఈసారికి అలా చెయ్యకు.

మన పేటవాళ్ళ రోజు నిన్న, ఆదివారం జరిగింది. చలి ముదరకముందే ఏటా చేస్తున్నదే కదా. పొద్దున్నే చెరువు గట్టు మీద పక్షుల లెక్క, తర్వాత హాల్లో బొమ్మలు, పాటలు, మధ్యాహ్నం మేం కుట్టిన బొంతలు పిల్లల ఆస్పత్రికి ఇవ్వడం. గట్టు మీద చెట్లు పైకొమ్మల్లో మాత్రం పండబారాయి, కింద ఇంకా పచ్చగానే ఉన్నాయి. డ్రిల్లు మాస్టారు రిటైరై పదేళ్ళయినా ఈల మానలేదు. "అందరూ నిశ్శబ్దం" అని ఈల వేశారు. చెరువులో సగం పిట్టలు లేచిపోయాయి. "ఇప్పుడు గాల్లో లెక్కపెట్టండి, సులువు" అన్నారు.

తమ్ముడు హాలు గోడ మీద పెద్ద కొంగను వేశాడు. సైన్‌బోర్డులు రాసే చెయ్యి కదా, కొంగ కూడా అక్షరంలా నిటారుగా నిలబడింది. అమ్మ చాలాసేపు చూసి, "మోకాళ్ళు వెనక్కి తిప్పావేంరా?" అంది. "కొంగకి అంతేనమ్మా." "నేను చూసిన కొంగలకి లేదు." పక్కనే ఉన్న మాస్టారు అమ్మ పక్షమే చేరారు. వాడు పొద్దంతా మూతి ముడుచుకున్నాడు.

లెక్క దగ్గర ఒకటి జరిగింది. రాయాలా వద్దా అనుకుని రాస్తున్నాను. మాస్టారు బాతుల్ని పైకే లెక్కపెడుతూ "ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది, ఇరవై పది" అన్నారు. ఎవరూ నవ్వలేదు. మూడేళ్ళ కిందట నీ పాప ఆయన వేలు పట్టుకుని అలాగే లెక్కపెట్టింది. ముప్ఫై అని ఎంత చెప్పినా, "కాదు, ఇరవై తొమ్మిది తర్వాత ఇరవై పదే" అని పేచీ పెట్టింది. ఆయన ఆ రోజు నుంచీ ముప్ఫై అనడం మానేశారు. ఆ సంగతి నీకు తెలియదనుకుంటాను.

ఇప్పుడు మూట సంగతి.

పాప వెళ్ళిపోయి వచ్చే నెలకి రెండేళ్ళు. ఆ గౌను నా చేతిలో పెట్టి, "ఇంట్లో ఉంటే బీరువా తీయలేకపోతున్నాను. నీ దగ్గరుండనీ అక్కా, ఎప్పుడో అడుగుతాను" అన్నావు. మనింటి పద్ధతి నీకు చెప్పక్కర్లేదు. ఉంచేవాటికి రెండు ముళ్ళు, ఇచ్చేవాటికి ఒకటి. మన చిన్నప్పటి నుంచీ ఇచ్చేటప్పుడు ముడి చూడటమే గాని, మూట విప్పి చూసిన పాపాన ఎవరూ పోలేదు. నువ్వు ఎండలో పెట్టమన్నావని అమ్మ ఆ ఉదయం గౌను మూట విప్పింది. మళ్ళీ కట్టేటప్పుడు రెండో ముడి పడలేదు. నన్ను పిలిచింది అందుకే.

నాలుగు రోజుల తర్వాత బొంతలకి పాత బట్టలు కావాలని టైలరమ్మ కబురు చేసింది. ఒంటి ముడి మూటలు మూడున్నాయి. మూడూ తీసుకెళ్ళి ఇచ్చాను.

కత్తిరించడం టైలరమ్మ వంతు, కలిపి కుట్టడం మా వంతు. ఒక్కో బొంతకి ముప్ఫై ముక్కలు. నా బొంతలో చివరి ముక్క పసుపు రంగుది, గళ్ళది. సూది సగం దూరం వెళ్ళాక ఏదో మందంగా తగిలింది. చూస్తే అడ్డంగా వెలిసిన గీత, దాని పక్కన రెండు మూడు ఆకుపచ్చ దారపు పోగులు. పాప పొడుగవుతోందని నువ్వు అంచు విప్పి గౌను దించావు. పసుపు దారం వెతికే ఓపిక లేక చేతికందిన ఆకుపచ్చ దారంతో కుట్టేశావు. నేను వెక్కిరించాను కూడా.

టైలరమ్మని, "మిగతాది ఏది?" అని అడిగాను. "మిగతా పీలికలన్నీ లోపల పరిచేశానండీ, చిన్నపిల్లలకి మెత్తగా ఉంటుందని. ఏం, గట్టిగా తగులుతోందా?" అంది. "లేదు, బాగుంది" అన్నాను. గుండీలు మాత్రం కత్తిరించేముందు ఊడదీసి డబ్బాలో వేస్తుంది. అందులో వెతికి ఆ గౌను నీలం గుండీ ఒకటి చేతిలో దాచుకుని వచ్చేశాను.

చెల్లీ, నేను ఒప్పుకోవాల్సింది ఇదే. గౌను పొరపాటున పోయింది, నిజమే. కానీ నాకు తెలిశాక, బొంతలు ఇవ్వడానికి ఇంకా మూడు రోజులు ఉన్నాయి. కుట్లు విప్పి, పీలికలు ఏరుకుని తెచ్చి ఉండొచ్చు. టైలరమ్మ ఒక్క మాట కూడా అనేది కాదు. అమ్మకు తెలుస్తుందని, నీకు చెప్పాల్సి వస్తుందని నోరు విప్పలేదు. నేను మాట్లాడకపోతే అందరూ నిదానం అంటారు. ఇది నిదానం కాదు, పిరికితనం. ఆ మూడు రోజులూ ప్రార్థనలో కూర్చున్నాను. ఏం చెయ్యమంటావని దేవుణ్ణి అడగలేదు. ఎవరికీ తెలియకుండా చూడమని అడిగాను.

నిన్న ఆస్పత్రిలో ఆ బొంత కిటికీ పక్క మంచం మీద పిల్లకి వచ్చింది. ఆరేళ్ళుంటాయేమో. ఒక చేతికి సెలైన్. రెండో చేతి వేలితో ముక్కలన్నీ తడుముతూ వచ్చి సరిగ్గా ఆ గీత దగ్గర ఆగింది.

"ఇదేంటి, ఇక్కడ గీతుంది?"

నర్సమ్మ "పాత గుడ్డ కదమ్మా" అనబోయింది. నేనే చెప్పాను. "ఒక పాప పొడుగయింది. వాళ్ళమ్మ గౌను దించింది. అదీ గీత."

"ఇప్పుడెంత పొడుగుంది?"

నేను వంగి బొంత అంచు సర్దాను. ఆ పిల్ల బొంతను గడ్డం దాకా లాక్కుంది.

ఇంటికి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా ముగ్గురినీ కూర్చోబెట్టి చెప్పేశాను. అమ్మ తన వేళ్ళకేసి చూసుకుంది. "ఒక్కటి చాల్లే, రేపు ఇంకోటి వేద్దామనుకున్నానే. మర్చిపోయాను" అంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. అది ఇంకా కష్టంగా ఉంది.

తమ్ముడు లేచి నిలబడ్డాడు. "కొత్త రగ్గు పట్టుకెళ్తాను. అదిచ్చి ఇది తెచ్చేస్తాను. ఎంతసేపు పని?"

"పడుకున్న పిల్ల మీద నుంచి లాగుతావా?" అన్నారు మీ బావ.

"మరి చిన్నక్కకి ఏం చెప్తారు బావా?"

మళ్ళీ తమ్ముడే, "పోనీ ఫోన్ చేద్దాం" అన్నాడు. అమ్మ వద్దంది. "ఫోన్లో అయితే అది మనల్ని ఓదార్చే పనిలో పడుతుంది. ఉత్తరమైతే ఒక్కతే కూర్చుని ఏడుస్తుంది. ఏడవనీ."

నిన్న సాయంత్రం ఇంట్లో అనుకున్నది ఇది. ఆ పిల్ల నెలాఖరు దాకా ఆస్పత్రిలోనే ఉంటుందని నర్సమ్మ చెప్పింది. వెళ్ళేటప్పుడు బొంత తనతో వెళ్తుంది. ఈలోగా నీ జవాబు వస్తుంది. అప్పటిదాకా ఎవరూ అటు వెళ్ళకూడదు. తెమ్మని రాస్తే తమ్ముడు కాదు, నేను వెళ్ళాలి. "ఇచ్చిన చెయ్యే అడగాలి" అంది అమ్మ. ఉండనివ్వమంటే ఉంటుంది, ఆ మాట ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తరు. నువ్వు ఏది రాసినా ఎందుకని అడగం.

గుండీ నీకు పంపాలని కూడా అనుకున్నాం. అమ్మ దాన్ని చిన్న గుడ్డలో పెట్టి తనే మూట కట్టింది. నేను అప్పుడే సాయంత్రం ప్రార్థనకి కూర్చున్నాను. "పెద్దదానా, రెండో ముడి పడట్లేదు, వేలు పెట్టవే" అంది.

లేచి వెళ్ళాను.

ఇట్లు,
నీ పెద్దక్క