మార్లిస్ బొటనవేలు

ప్రియమైన అన్నయ్యా,

ఫోన్ చేస్తే క్లిఫ్ ఎలాగో ఆచూకీ తీస్తాడని భయం, అందుకే ఉత్తరం. విడాకులు వచ్చినా వాడి బెదిరింపులు ఆగలేదు. ఈ ఇంటి అడ్రసు నీకొక్కడికే తెలుసు.

పిస్తోలు కొనడానికి వెళ్లాను. కొట్లో రెండు చూపించారు. ఒకదానికి సేఫ్టీ ఉంది. బొటనవేలితో దాన్ని కిందికి నొక్కితేగాని పేలదు. రెండోదానికి అది లేదు. పిస్తోలు వెనకాల లేచి ఉండే చిన్న సుత్తిని గుండు పేలకుండా దింపే మీట మాత్రం ఉంది. దింపి దాచుకుంటే, అవసరమైనప్పుడు ట్రిగ్గర్ గట్టిగా లాగడమే. ఏది తీసుకోను? పాతికేళ్లు షెరీఫ్ దగ్గర పోలీసుగా పనిచేసినవాడివి, నువ్వే చెప్పు.

నీ చెల్లెలు,
మార్లిస్

ప్రియమైన మార్లీ,

సేఫ్టీ ఉన్నదే తీసుకో. కంగారులో వేలు తగిలినా పేలదు. రోజూ సాధన చెయ్యి, వేలికి అదే అలవాటవుతుంది. ఎల్క్ దుప్పి మాంసం ఎండబెట్టాను, వచ్చినప్పుడు తెస్తాను. ధైర్యంగా ఉండు.

నీ అన్న,
ఆరిన్

ప్రియమైన అన్నయ్యా,

నువ్వు చెప్పిందే కొన్నాను. కానీ నా బొటనవేలు నా మాట వినడం లేదు! తీసి గురి పెడతాను, ట్రిగ్గర్ లాగుతాను, ఏమీ జరగదు. సేఫ్టీ తీయడం మళ్లీ మరిచిపోయి ఉంటాను. సాధన చేయించే హేజెల్ నవ్వి, "దొంగని కూడా కాస్త ఆగమని అడుగుతావా ఏంటే?" అంది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

నీ మార్లీ

ప్రియమైన మార్లీ,

బెంగపడకు, అలవాటవుతుంది. నిన్న పశువుల మేత కొట్టు దగ్గర క్లిఫ్ కనబడ్డాడు. బాగా చిక్కిపోయాడు. తాగుడు మానేశాడట. నా భుజం మీద తల పెట్టి ఏడ్చాడు. మనిషి మారడంటావా?

ఆరిన్

ఆరిన్,

"ప్రియమైన" అని రాయడానికి చేయి రాలేదు.

గురువారం సాయంత్రం క్లిఫ్ తలుపు తోసుకుని వంటింట్లోకి వచ్చాడు. తాగే ఉన్నాడు. నేను పిస్తోలు ఎత్తాను. వాడు ఆగలేదు, నవ్వుతూ దగ్గరికొచ్చాడు.

"సేఫ్టీ తీయడం మళ్లీ మరిచిపోయావు మార్లిస్. ఇటివ్వు."

"మళ్లీ" అన్నాడు! ఆ సంగతి తెలిసింది హేజెల్‌కీ నీకూ. హేజెల్‌కి క్లిఫ్ ఎవరో కూడా తెలియదు.

నేను బొటనవేలితో సుత్తి వెనక్కి లాగాను. ఆ చప్పుడుకి వాడు నిలబడిపోయాడు. పిస్తోలు వంక చూసి, "అది కాదే... ఆరిన్ చెప్పింది ఇది కాదే!" అన్నాడు.

అవును, అది కాదు. "బుర్రకి గుర్తున్నది భయంలో వేలికి గుర్తుండదు అమ్మాయ్, మార్చేసుకో" అని హేజెల్ పట్టుబడితే, మీట ఉన్నదానికి మార్చుకున్నాను. నీ మాట కాదన్నానని నొచ్చుకుంటావేమోనని నీకు రాయలేదు. చూశావా, నీ మనసు గురించి నేనెంత ఆలోచించానో!

వాణ్ణి వసారాలో కూర్చోబెట్టి షెరీఫ్‌కి ఫోన్ చేశాను. వాళ్లు తీసుకెళ్లాక మీట నొక్కి సుత్తి దింపాను.

అడ్రసు ఇచ్చావంటే వాడి కన్నీళ్లు నమ్మావనుకుంటాను. అది మూర్ఖత్వం, ఎప్పటికైనా మరిచిపోగలనేమో. కానీ నా వేలి సంగతి ఎందుకు చెప్పావు? నా పిస్తోలు చూసి వాడు జంకకూడదనే కదా? వాడికేమవుతుందోనని ఆలోచించావు. నాకేమవుతుందోనని ఒక్క క్షణమైనా అనిపించలేదా, అన్నయ్యా?

సోమవారం జడ్జి ముందు నీ పేరు చెబుతాను. నిన్నూ పిలుస్తారు. జరగబోయేది ముందుగా చెప్పే మర్యాద నువ్వు నాకు చేయలేదు. నేను నీకు చేస్తున్నాను.

మార్లిస్