ముద్ర చెదరని మూట

రాజమండ్రి,
జూలై 1902

ప్రియమైన తమ్ముడు యెహెజ్కేలుకు,

అక్క జ్ఞానమ్మ దీవించి రాసేది. ఇక్కడ అందరం క్షేమం. గోదారి ఎర్రబడింది. నీ దగ్గు సంగతి ఎన్నిసార్లు అడిగినా రాయవు.

తణుకు వైపు పల్లె నుంచి లోవలక్ష్మి అనే ఆవిడ మా ఆసుపత్రికి వచ్చింది. పాతికేళ్లుంటాయి. ఊడ్పులకు, కలుపులకు వెళ్లి బతికే మనిషి. భర్త వీరాస్వామి రంగూనులో బియ్యపు మిల్లు పనికి వెళ్లాడు. ఆ ఊరి కామందు మేనల్లుడు భీమరాజు ఆమెను చెరకు తోటలోకి ఈడ్చుకెళ్లి బలాత్కారం చేశాడు. అత్త పాపాయి ఆమెను పడవెక్కించి ఇక్కడికి తెచ్చింది.

ఆమె తన నీలి కోక ఉతకలేదురా. అదే కట్టుకుని వచ్చింది. "ఉతికేస్తే నా మాట ఎవరు నమ్ముతారండి?" అంది. దెబ్బలన్నీ చూసి రాసుకున్నాను. పోలీసులకు కబురు పెట్టాను. కోక తడిగా ఉంటే బూజు పడుతుందని నీడన ఆరబెట్టించాను. ఆరాక తెల్లగుడ్డలో చుట్టించి, లక్క వేసి, నా ముద్ర నొక్కాను. పరీక్షకు అది మద్రాసులో మీ లేబరేటరీకే వస్తుంది.

తీసుకెళ్లడానికి వచ్చిన హెడ్డు కానిస్టేబు బుల్లియ్య, కోక ఆరేదాకా వసారాలో పాపాయితో మాట్లాడుతూ కూర్చున్నాడు. "ఇలాంటివి మద్రాసు దాకా ఎందుకండీ అమ్మగారూ? ఊళ్లో పెద్దలు తేల్చేస్తారు కదండీ" అని నవ్వాడు. మూట అతని చేతికి ఇవ్వడానికి నా మనసు ఒప్పలేదు. ఇవ్వక తప్పలేదు.

దేవుని కృపలో,
నీ అక్క జ్ఞానమ్మ


మద్రాసు,
ఆగస్టు 1902

ప్రియమైన అక్కకు,

దగ్గు తగ్గింది. రాయకూడని సంగతి రాస్తున్నాను, చదివి పొయ్యిలో వేసెయ్.

మూట వచ్చింది. లక్క ఎక్కడా చెదరలేదు. ముద్ర నీదే. మా లేబరేటరీ పెద్ద, దొరగారి ఎదుటే విప్పాం. లోపల నీలి కోక ఉంది. బురద లేదు, పెనుగులాడిన చిరుగూ లేదు. అనుమానం కలిగిన ప్రతిచోటా ముక్క కత్తిరించి నానబెట్టి మైక్రోస్కోపు కింద చూశాను. నెత్తురు లేదు. రెండో మరకా లేదు. "ఏమీ కనబడలేదు" అని రిపోర్టు వెళ్లిపోయింది.

అది చాకిరేవు నుంచి వచ్చిన బట్ట అక్కా. బురదలో పనిచేసి, నేల మీద ఈడ్పించుకున్న మనిషి కోక కాదు. దారిలో మార్చి ఉంటే లక్క పగలాలి. పగల్లేదు. నీ ముద్ర ఎక్కడ పెడతావు? ఇంకెవరి చేతికైనా అందుతుందా? ఇలా అడగవలసి వచ్చినందుకు బాధగా ఉంది.

నీ తమ్ముడు,
యెహెజ్కేలు


రాజమండ్రి,
ఆగస్టు 1902

ప్రియమైన తమ్ముడికి,

ఇంకా ప్రియమైన అనే రాస్తున్నాను చూడు. నిన్ను చంకనేసుకుని పెంచిన నన్నా నువ్వు ముద్ర ఎక్కడ పెడతావని అడగడం? నా మెడలో తాడుకి ఉంటుంది. స్నానానికి కూడా తియ్యను.

లక్క కరిగించి, ముద్ర అచ్చు తీసి మళ్లీ నొక్కడం తెలిసినవాళ్లు లోకంలో లేరా? బుల్లియ్య ఆ మూటతోనే కామందు ఇంట్లో దిగి భోంచేశాడని పాపాయి చెప్పింది.

మీ రిపోర్టు చూసి భీమరాజును వదిలేశారు. మేళం పెట్టి ఊరేగించారట. లోవలక్ష్మిని అబద్ధాలకోరంటున్నారు. పనికి ఎవరూ పిలవడం లేదు.

ఇంకో సంగతి. కామందు గుమాస్తా అప్పాజీ మద్రాసు వెళ్లొచ్చాడు. వెళ్లేముందు మన పాస్టరుగారి దగ్గర నీ అడ్రసు రాసుకున్నాడు. నీ ఉత్తరంలో మాత్రం అతని ఊసే లేదు. నిన్ను కలిశాడా? ఏం అడిగాడు? నువ్వేం అన్నావు? అబద్ధం రాస్తే నీ చేతిరాతలోనే నాకు తెలిసిపోతుంది.

జ్ఞానమ్మ


మద్రాసు,
సెప్టెంబరు 1902

ప్రియమైన అక్కకు,

కలిశాడు. తాండ్ర బుట్ట పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. పుచ్చుకోలేదు. వెళ్తూ వెళ్తూ, "మీ అక్కగారు మాకు మాట ఇచ్చేశారండి, తమరు కూడా మావాళ్లేనండి" అన్నాడు. నమ్మలేదని రాయాలని ఉంది. కానీ కొంచెం నమ్మాను. అందుకే అతని సంగతి రాయలేదు, అందుకే ముద్ర గురించి అడిగాను. ఇప్పుడు నన్ను ఏమన్నా పడతాను.

నీ ఉత్తరం చదివాక దొరగారి దగ్గరికి వెళ్లి, కోక పంపిన డాక్టరమ్మ నా అక్క అని, మనం ఉత్తరాలు రాసుకున్నామని చెప్పేశాను. గట్టిగా చీవాట్లు పెట్టారు. ఈ కేసు ఇక ముట్టుకోవద్దన్నారు. కోక ఇంకా మా బీరువాలోనే ఉంటే, వేరే అసిస్టెంటు చేత మళ్లీ మొదటి నుంచీ చూపించారు.

మరకలు ఇప్పుడూ లేవు. కానీ కొంగు చివర, పదేపదే ముడి వేసి నలిగిన చోట, నేత సందుల్లో పొగాకు పొడి దొరికింది. ఎన్ని ఉతుకులు ఉతికినా పోనంతగా పట్టేసింది. చుట్ట ముక్కలు కొంగున కట్టుకునే మనిషిది ఆ కోక.

లోవలక్ష్మి చుట్ట తాగుతుందా?

దొరగారు పోలీసు సూపరింటెండెంటుగారికి రాశారు. కేసు తేలేదాకా మన మధ్య ఉత్తరాలు వద్దు. సాక్షివి నువ్వు, పరీక్షించిన ఆఫీసువాణ్ణి నేను.

నీ తమ్ముడు,
యెహెజ్కేలు


రాజమండ్రి,
ఫిబ్రవరి 1903

నా ప్రియమైన చిన్నోడికి,

కేసు తేలింది. ఇక రాయొచ్చు.

లోవలక్ష్మి చుట్ట తాగదు. పాపాయి తాగుతుంది. సూపరింటెండెంటుగారు పంపిన ఇన్‌స్పెక్టరుతో కలిసి వాళ్ల ఊరు వెళ్లాను. మమ్మల్ని చూడగానే పాపాయి గుమ్మంలో కూలబడింది.

"బుల్లియ్యగారు చెప్పాడండి," అంది. "కోర్టులో ఆ కోకని బల్ల మీద పరుస్తారంట. మగాళ్లంతా తిరగేసి బోర్లేసి చూస్తారంట. రేపు నా కొడుకొచ్చి దాన్ని ఏలుకోవద్దాండీ? అందుకే మూటలో నా కోక పెట్టేశానండి."

అప్పుడు అర్థమైంది. ఆ రోజు నేను కాన్పు గదిలో ఉన్నాను. చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఆవిడ చుట్టిపెట్టిన మూటను విప్పి చూడకుండానే లక్క వేశాను. మనం బుల్లియ్యను, అప్పాజీని, ఆఖరికి ఒకరినొకరం అనుమానించాం. ఆవిడ వైపు కన్నెత్తి చూడలేదు.

అసలు కోకను చూరులో దాచింది. "కాల్చేద్దామనుకున్నానండి. చేతులు రాలేదండి."

లోవలక్ష్మికి ఇదేదీ తెలియదు. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. నిచ్చెన వేసుకుని తనే ఎక్కి కోక దించింది. "ఈసారి నా చేత్తో నేనే ఇస్తానండి," అని ఇన్‌స్పెక్టరు ముందు నిలబడింది. ఆ కోక మీద మద్రాసు నుంచి రిపోర్టు ఏమని వచ్చిందో నీకు తెలిసే ఉంటుంది. నెత్తురూ ఉంది, ఆ రెండో మరకా ఉంది.

సెషన్సు కోర్టులో భీమరాజు వకీలు ఆ రిపోర్టునే పట్టుకున్నాడు. చూరులో అన్నాళ్లు పడున్న బట్టకు మరకలు ఎవరైనా పుట్టించొచ్చు అన్నాడు. హాలంతా అతని వైపు తల ఊపింది. కేసు పోయిందనుకున్నాను.

అప్పుడు పాపాయిని పిలిచారు. తడబడకుండా జరిగిందంతా చెప్పింది. సాక్ష్యం దాచినందుకు తననూ జైల్లో వెయ్యొచ్చని ఆవిడకు ముందే చెప్పారు. వకీలు లేచి, "ఒకసారి మోసం చేసినదానివి. ఇప్పుడు నిజం చెబుతున్నావని ఎలా నమ్మమంటావు?" అన్నాడు.

"నన్ను నమ్మకండి బాబూ," అంది. "ఇది ఎవరి కంటా పడకూడదని దాచినదాన్నండి నేను. ఆ బాబుని పట్టించాలని మరకలు పెట్టేదాన్నైతే, చూరులో ఎందుకు దాస్తానండీ? తమరి కళ్ల ముందే పెట్టేదాన్ని కదండీ!"

వకీలు కూర్చున్నాడు. జడ్జిగారు ఏదో రాసుకుంటున్నారు. ఎవరూ చెప్పకుండానే పాపాయి బోనులోంచి దిగి, బల్ల మీద మడిచి ఉన్న కోకను తీసి, రెండు చేతులతో మగాళ్లందరి ఎదుటా పరిచింది. "చూసుకోండి" అంది. చాలామంది తలలు దించుకున్నారు.

భీమరాజుకు ఏడేళ్ల కఠిన శిక్ష పడింది. పాపాయిని మందలించి వదిలేశారు. బుల్లియ్య మీద ఏదీ రుజువు కాలేదు. ఎవరు చెప్పమంటే ఆ మాటలు ఆవిడ చెవిన వేశాడో దేవుడికే తెలియాలి. అతను చెప్పింది అబద్ధం కూడా కాదు, కోకను బల్ల మీద పరిచారు కదా. నిన్న బజారులో కనబడితే నాకు సలాము చేశాడు. నేను ముఖం తిప్పుకుని నడిచాను.

మనిద్దరిదీ చెల్లుకు చెల్లు. ఈస్టరుకు తప్పకుండా రా.

తీర్పు విన్నాక రేవు దాకా వాళ్లతో నడిచాను. "వీరాస్వామికి ఏ ముఖం పెట్టుకుని చెప్పనే?" అంది పాపాయి పడవ ఎక్కుతూ.

లోవలక్ష్మి చెయ్యి అందించి ఆవిడను పక్కన కూర్చోబెట్టుకుంది. "నీ కొడుక్కి నేనే చెప్తానత్తా. నువ్వు ఇలా పక్కనుండు, చాలు."

ప్రభువు నిన్ను కాయుగాక.

నీ అక్క,
జ్ఞానమ్మ