నేను కొట్టిన చప్పట్లు

కెజియా తల్లికి,

పదకొండు రోజులుగా నువ్వు ఫోన్ ఎత్తడం లేదు. అందుకే ఈ ఉత్తరం.

ఆ రోజు కాడుగోడి హాల్లో నీ కామెడీ షో గంట ఆలస్యమైంది. ఏసీ లేదు, మైకు మాటిమాటికీ ఆగిపోయింది. నా వెనక, స్తంభం అడ్డొచ్చి స్టేజీ కనపడనాయన, "ఈ స్తంభం చూసేదానికి టికెట్ కొన్నామా అప్పా?" అని విసుక్కున్నాడు. నువ్వు రెండో జోకు చెబుతుండగా అందరూ ఒకే తాళంలో చప్పట్లు మొదలుపెట్టారు. చర్చిలో సాక్ష్యం చెప్పేవాళ్లు తడబడితే ధైర్యమివ్వడానికి మనం అలాగే కొడతాం కదా. నేను లేచి నిలబడి అందరికంటే గట్టిగా కొట్టాను. నువ్వు నన్ను చూసి, మైకు పెట్టేసి వెళ్లిపోయావు.

పక్కనున్న అమ్మాయి నవ్వుతూ, "సూపర్ ఆంటీ, చప్పట్లతోనే స్టేజీ దింపేసినాం. ఆ పిల్ల మీకు తెలుసా?" అంది.

తెలియదన్నాను.

ఇంటికొచ్చి అన్నం వండుకుని తిన్నాను. ఏడుపు రాలేదు. ప్రార్థనకు మోకరిస్తే ఇప్పటికీ మాట రావడం లేదు.

చప్పట్లు తెలియక కొట్టానమ్మా. తెలియదన్న ఆ మాట మాత్రం తెలిసే అన్నాను. ఇది దేవునికి, ఇప్పుడు నీకు తప్ప ఎవరికీ తెలియదు. ఈ కాగితాలు నీ దగ్గరే ఉంచుకో, మీ నాన్నకు కూడా చూపించకు.

అమ్మ