మన సీసాలో కింది లోయ ద్రాక్ష

నాన్నా, మన కొండ తెల్ల వైన్‌లో కింది లోయ ద్రాక్షరసం కలిపావు. నేను పనిచేసే హోటల్లో నిన్న "మా ఇంటిదే" అని గొప్పగా పోశాను. పక్క ఊరి సెలెస్తీన్ మామ్మ ఒక్క గుక్క తాగి, "ఏమే డెల్ఫీనా, మీ కొండమీద మంచు పడటం మానేసిందా? పులుపే లేదు, ఎండలో బలిసిన కింది కాయే ఇది!" అంది. అందరూ నవ్వారు. సిగ్గుతో చచ్చాను. వడగళ్లకు పంట పోతే పోయిందని చెప్పొచ్చుగా! మోకాలెత్తు పందిళ్ల కింద అమ్మ పాక్కుంటూ కోసే కాయ పరువు తీశావు. అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయి? నా ఉన్ని మేజోళ్లు పంపమను. నాయనమ్మ పేరున్న కాగితాలు ఆ సీసాల మీంచి పీకెయ్. పీకానని నవంబర్‌లో వచ్చే సెయింట్ మార్టిన్ పండుగలోపు రాయి, లేదంటే మా యజమానికి నేనే చెప్పేస్తాను.