మిగిలిన కాగితం పంపగలరు

మిన్యాలో బిషప్పు గారి ఆఫీసులో ఉత్తరాలు చూసే అయ్యగారికి, నజ్లత్ బిషాయ్ ఊరి నుంచి తఫీదా జిర్జిస్ నమస్కరించి రాసేది.

నేను జగడాలమారిని కాను. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, మా ఊళ్ళో ఎవర్నడిగినా మీకు ఇంకోలా చెబుతారు.

సంగతేమిటంటే, మా చర్చి గురువు అబూనా సిద్రాక్ మొన్న ఆదివారం నా ఇంటి విషయం సువార్తలో పెట్టి చదివారు. భూమ్మీద సొత్తు దాచుకోకండి, పురుగు కొడుతుంది, తుప్పు తింటుంది అని. మా అమ్మ రాగి గుండిగ నా మంచం కింద ఉందని ఊరందరికీ తెలుసు. ఒక పెళ్ళి వంట మొత్తం అందులో అయిపోతుంది. అమ్మ పోయాక నలభయ్యో రోజు ప్రార్థన కూడా కాకుండానే మా చెల్లెలు గలీలా "అది నాకియ్యి" అంది. నేనివ్వలేదు. అప్పట్నుంచి మాకు మాటల్లేవు. దాని ఇల్లు మా వీధి చివరే. ఇది అక్కచెల్లెళ్ళ గొడవ, చర్చిలో చదవాల్సింది కాదు.

దయచేసి అబూనాని మందలించి, ఇకమీదట నాకు సంబంధం లేనివి చదవమని చెప్పగలరు.

ఇట్లు,
తఫీదా జిర్జిస్

తా.క. పైగా రాగికి తుప్పు పట్టదు, చిలుము పడుతుంది. నాదానికి అదీ లేదు, నిమ్మచెక్కా ఉప్పూ వేసి తోముతాను. గిట్టనివాళ్ళ మాట విని చదివితే ఇలాగే ఉంటుంది.


గౌరవనీయులైన తఫీదా గారికి, బిషప్పు గారి ఆఫీసు గుమాస్తా రిజ్కల్లా తవాద్రోస్ వ్రాయునది.

మీ ఉత్తరం అందింది. ఇందులో అబూనా సిద్రాక్ గారి తప్పేమీ లేదు. ఏ ఆదివారం ఏ భాగం చదవాలో గురువులు ఎంచుకోరు. ఆ వరస మన పెద్దలు వందల ఏళ్ళ కిందటే రాసిపెట్టారు. ఆ రోజు మీ ఊళ్ళో చదివిందే అలెగ్జాండ్రియాలో, అస్వాన్‌లో, దేశంలోని మన చర్చిలన్నిటిలో చదివారు. కనుక మీరు మనసు కుదుటపరచుకోగలరు.

భవదీయుడు,
రిజ్కల్లా

తా.క. చిలుము సంగతి బిషప్పు గారికి విన్నవించాను. సరైన మాటేనన్నారు.


రిజ్కల్లా గారికి తఫీదా దండాలు.

మీ ఉత్తరం చదివి రెండు రోజులు మంచం దిగలేదు. మా ఊరి వరకే అనుకున్నాను, అస్వాన్ దాకా చదివించారా? అక్కడ మా మేనత్త కొడుకున్నాడు. ఇప్పుడు వాడి పెళ్ళానికి నేను ఏ మొహం పెట్టుకుని ఉత్తరం రాయను?

పెద్దలు రాసిపెట్టారన్నారు. ఎవరివైపు పెద్దలు? మావైపు వాళ్ళలో రాయడం వచ్చినవాళ్ళు లేరు. మా వారి వైపైతే అది మా అత్తగారి పనే. ఆవిడకి ఆ గుండిగ మీద మొదట్నుంచీ కన్ను.

ఇక నిన్నటి ఆదివారం. ఆస్తి పంచుకుపోయి తగలేసి వచ్చిన చిన్నకొడుక్కి తండ్రి విందు చేశాడు, కొవ్విన దూడని కోశాడు. పెద్ద ఉపవాసంలో మాంసం, పాలు, గుడ్డు ముట్టకుండా ఉడకబెట్టిన ఫూల్ చిక్కుడు గింజలతో నెట్టుకొస్తున్న జనానికి దూడ గురించి చదవడం ఏం న్యాయం? సరే, పొలం నుంచి పెద్దకొడుకొచ్చాడు. లోపల పాటలు విని గుమ్మం బయటే ఆగిపోయాడు, రానన్నాడు. వాడన్నదాంట్లో తప్పేముంది? ఇంట్లో ఉండి చాకిరీ చేసినవాడికి ఒక్క మేకపిల్లనైనా ఇవ్వలేదట. మా అమ్మని చివరిదాకా చూసింది కూడా నేనే.

తండ్రి బయటికొచ్చి బతిమాలాడు. అంతే, అబూనా పుస్తకం మూసేశారు. తర్వాత ఏమైంది? పెద్దవాడు లోపలికెళ్ళాడా, లేదా? నన్ను చూసే అబూనా ఆ కాగితం దాటేశారని నా అనుమానం. మీ ఆఫీసులో మొత్తం పుస్తకం ఉంటుంది కదా, మిగిలిన కాగితం పంపగలరు. తొందరగా కావాలి. గలీలా కూతురు ఫెబ్రోనియాకి ఈస్టర్ వెళ్ళిన ఆదివారం పెళ్ళి. పిల్ల తనే వచ్చి పిలిచింది, గలీలా రాలేదు. వెళ్ళాలో మానాలో నాకు తెలియాలి.

ఇట్లు,
తఫీదా

తా.క. ఆ దూడని ఏ గుండిగలో వండారో కూడా చెప్పలేదు. మిగిలిన కాగితంలో ఉందేమో చూడండి.


తఫీదా గారికి రిజ్కల్లా నమస్కారాలు.

మీ ఉత్తరం రాగానే అరబ్బీ సువార్త తీశాను. తర్వాత మన పాత కాప్టిక్ భాషది తీశాను. తర్వాత పక్క గది బీరువాలోని పాత చేతిరాత ప్రతి కూడా దుమ్ము దులిపి చూశాను. అన్నిట్లోనూ తండ్రి మాటతోనే అయిపోయింది. మిగిలిన కాగితం లేదమ్మా. నేను ఏటా వింటున్నాను. పెద్దవాడు లోపలికి వెళ్ళే ఉంటాడని నాకు నేనే అనుకుని, ఇంటికెళ్ళి భోంచేసి పడుకుంటున్నాను. మీరు అడిగేదాకా అది అందులో లేదని నాకు తెలియదు. బిషప్పు గారిని అడిగితే ఆయన కూడా పుస్తకం తిరగేసి "నిజమే సుమా" అన్నారు.

భవదీయుడు,
రిజ్కల్లా

తా.క. ఈ పఠనాలకీ మీ అత్తగారికీ ఏ సంబంధమూ లేదని ఆఫీసు తరఫున ధ్రువీకరిస్తున్నాను.


నాయనా రిజ్కల్లా,

కాగితం లేదంటే నమ్ముతున్నాను. మీ అమ్మ నిన్ను బాగానే పెంచినట్టుంది.

ఈ ఆదివారం నుయ్యి దగ్గర సమరయ ఆడమనిషి కథ. ప్రభువు ఆవిడతో నీకు అయిదుగురు మొగుళ్ళు అన్నప్పుడు, హమ్మయ్య, నాకు ఒక్కరే, ఆయనా పోయారు, ఈ వారం నా గురించి కాదని కాళ్ళు చాపుకుని కూర్చున్నాను. చివర్లో ఏముందీ, ఆవిడ తన కుండ అక్కడే వదిలేసి ఊళ్ళోకి పరిగెత్తింది. కుండ వదిలేసింది, నాయనా. ఆడవాళ్ళవైపు బెంచీలన్నీ కిర్రుమన్నాయి. అందరూ నన్నే చూశారు. గలీలా ఒక్కతే చూడలేదు. తల దించుకుని తన చెప్పులు చూసుకుంటూ కూర్చుంది. మనిషి చిక్కిపోయింది.

దాని మీద నా కోపం పోలేదు. కానీ దాని మీద బెంగగా ఉంది. ఈ రెండూ ఒకేసారి ఉంటే ఏం చెయ్యాలో ఏ ఆదివారమూ చదవలేదు. పెళ్ళికెళ్ళి గుమ్మంలో నిలబడితే ఎవరూ పలకరించకపోతే? ఆ పెద్దకొడుక్కి బయటికొచ్చి బతిమాలడానికి తండ్రి ఉన్నాడు. మాకు నాన్న లేడు, అమ్మా పోయింది. నా కోసం బయటికి ఎవరొస్తారు?

తఫీదా

తా.క. దీనికి జవాబు మీ వందల ఏళ్ళ పెద్దలు ఎక్కడైనా రాసి ఉంటే పంపు. లేకపోతే నువ్వే చెప్పు.


తఫీదమ్మ గారికి,

పెళ్ళికి వెళ్ళమనడానికి గానీ వద్దనడానికి గానీ ఈ ఆఫీసుకి అధికారం లేదని తెలియజేయడమైనది.

భవదీయుడు,
రిజ్కల్లా

తా.క. వెళ్ళండి. ఎవరూ బయటికి రాకపోతే ఒక్క ముక్క రాయండి, పొద్దుటి బస్సుకి నేనొచ్చి బతిమాలతాను.


నాయనా రిజ్కల్లా, క్రీస్తు లేచాడు.

వెళ్ళాను. గుండిగని గాడిదబండి మీద వేయించుకుని, ఇచ్చేసి వచ్చేద్దామని వెళ్ళాను. బండివాడితో దాన్ని లోపలికి పంపి, నేను గుమ్మం బయటే ఆగిపోయాను. లోపల డప్పులు, పాటలు.

గలీలా బయటికొచ్చింది. ఏడ్చి కావలించుకుందనుకున్నావా? "గుండిగని లోపలికి పంపి నువ్వు వీధిలో నిలబడితే, పెళ్ళికొచ్చింది ఎవరే అక్కా, నువ్వా, గుండిగా?" అంది.

"నలభై రోజులైనా ఆగలేకపోయావు" అన్నాను.

"వండుకోడానికి అడిగాననుకున్నావా? అందులో అమ్మ చెయ్యి పడిందని అడిగాను" అంది.

"నేనూ అందుకేనే ఇవ్వంది" అన్నాను.

"ఇంక లోపలికి రా" అంది. "రాను" అన్నాను. రాకూడదని కాదు, ఇన్నేళ్ళ అలవాటు కొద్దీ నోరు అలా అనేసింది. "అయితే నేనూ పోను" అని పెళ్ళికూతురి తల్లి, కొత్త బట్టలతో, నా పక్కన మట్టి మెట్టు మీద కూర్చుంది. తల్లి కోసం పెళ్ళికూతురొచ్చింది. దాని కోసం పెళ్ళికొడుకొచ్చాడు. వాళ్ళ వెనక డప్పులవాళ్ళు, వాళ్ళ వెనక పళ్ళెం పట్టుకుని అబూనా సిద్రాక్. పెళ్ళి భోజనాలు వీధిలోనే జరిగాయి.

మిగిలిన కాగితం మీ దగ్గర లేదన్నావు కదా, ఇది రాసిపెట్టుకో. పెద్దవాడు లోపలికి వెళ్ళలేదు. చిన్నవాడే బయటికొచ్చి వాడి పక్కన కూర్చున్నాడు. విందు వాళ్ళని వెతుక్కుంటూ వచ్చింది.

నీ
తఫీదమ్మ

తా.క. గలీలా కూడా ఈ ఉపవాసకాలమంతా నీకు ఉత్తరాలు రాస్తూనే ఉందట. అబూనా ప్రతి వారం తనని ఉద్దేశించే చదువుతున్నారని ఫిర్యాదట. "అక్క గుమ్మం దాకా వచ్చి ఆగిపోతే నేను బయటికి రావచ్చా, పుస్తకంలో చిన్నవాడు రాలేదు కదా" అని అది అడిగితే, "రండి" అని రాశావట. మెట్టు మీద కూర్చుని అన్నీ చూపించింది. బాగానే ఉంది. కానీ దానికి ప్రతిసారీ రెండేసి కాగితాలు రాశావు, నాకు ఎప్పుడూ ఒక్కటే. ఈ విషయం మీద బిషప్పు గారికి వేరేగా ఫిర్యాదు పెడుతున్నాను.