ఏడు ఊళ్ళలో ఐదు కొట్టేశాను

అక్కా,

నాన్న వేసిన చార్టులో ఐదు ఊళ్ళు కొట్టేసినందుకు, నాకీ పెళ్ళే ఇష్టం లేదని అమ్మ తేల్చేసింది. నీకూ ఫోన్ చేసి ఏడ్చిందట. ఇష్టం లేకపోతే ఊళ్ళెందుకు, పెళ్ళికొడుకు పేరే కొట్టేసేదాన్ని కదా!

బస్ డిపోలో ముప్ఫై ఏళ్ళు టైం కీపర్‌గా చేసిన మనిషి మా హనీమూన్‌కి కూడా డ్యూటీ చార్టే వేశారు. ఇటలీలో పది రోజులు, ఏడు ఊళ్ళు. ఫ్లోరెన్స్‌కి ఒక పూట, పీసాకి నలభై నిమిషాలు. పాపం, స్కేలు పెట్టి మరీ గీశారు. "అంత దూరం వెళ్ళి అన్నీ చూడకుండా వస్తారా ఏమిటే?" అంటారు.

మొన్నటిదాకా పెళ్ళికొడుకుని మూడుసార్లు చూశాను, మూడుసార్లూ చుట్టూ పదిమంది పెద్దవాళ్ళు. మొన్న మొదటిసారి ఇద్దరమే కూర్చున్నప్పుడు చార్టు చేతికిచ్చాను. మొదటినుంచి చివరిదాకా శ్రద్ధగా చదివి, "ఇందులో మనం మాట్లాడుకునే టైం ఎక్కడుందండీ?" అన్నాడు. నవ్వాగలేదక్కా. అతని పెన్నే తీసుకుని అక్కడికక్కడే కొట్టేశాను.

రోమ్‌లో మూడు రోజులు, వెనిస్‌లో వారం. టికెట్లు తీసుకున్నాం. టికెట్ల సంగతి నాన్నకి రేపు నేనే చెబుతాను.

నీ చెల్లి